డప్పు వేరు, సంచి వేరు

పిల్లలూ! ఊళ్లో పెళ్లి ఊరేగింపో, జాతరో జరిగేటప్పుడు డప్పులు వాయించేవారిని మీరు చూసే ఉంటారు. వాయించటం మొదలుపెట్టే ముందు వాళ్లు ఏం చేస్తారో ఎప్పుడైనా గమనించారా? కాస్త ఎండుగడ్డి పోగుచేసి మంట వేస్తారు. తోలు డప్పును ఆ మంటకు చూపించి, ఇటూ అటూ తిప్పుతారు. మధ్యమధ్య వేలితో కొట్టి చూస్తారు. మొదట మెత్తగా, దిగులుగా పలికిన డప్పు కాసేపటికి ఖంగుమని మోగుతుంది. గాలిలో ఉండే చెమ్మను పీల్చుకుని తోలు వదులవుతుంది. సెగ తగిలితే ఆ చెమ్మ పోయి బిగుసుకుంటుంది. అదీ సంగతి.

రెడ్డిగూడెంలో ఒక అబ్బాయి కూడా ఇది చూశాడనుకోండి. రెడ్డిగూడెం ఎక్కడున్నదో మీలో కొందరికి తెలియకపోవచ్చు. నూజివీడు మామిడికాయల పేరు విన్నారు గదా, ఆ తోటల సీమలోనే ఉన్నది. ఒకప్పుడు కృష్ణా జిల్లాలో ఉండేది. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నది. ఎటు చూసినా బంగినపల్లి, కలెక్టరు, రసాల తోటలే.

ఆ అబ్బాయి వాళ్లకు ఒక చిన్న తోట ఉన్నది. వాళ్ల నాన్న కాయలు అమ్మటానికి నున్న మార్కెట్టుకు వెళ్లినప్పుడల్లా భుజాన ఒక తోలు సంచి తగిలించుకుంటాడు. అది వాళ్ల తాత వాడిన సంచి. తాత పోయి చాలాకాలమైంది. సంచి మటుకు ఉన్నది. చీటీలూ, లెక్కల పుస్తకమూ, డబ్బూ అన్నీ దానిలోనే.

జూన్ నెలలో ఒకనాటి సాయంత్రం నాన్న తిరిగి వస్తూ ఉండగా దారిలో వాన పట్టుకున్నది. ఇంటికి చేరేసరికి సంచి నీళ్లు ఓడుతున్నది. నాన్న కాయితాలు తీసి ఆరబెట్టుకుని, అలసిపోయి పడుకున్నాడు. సంచి వసారాలో కొక్కేనికి వేలాడుతున్నది. నాన్నకు సహాయం చేద్దామని అబ్బాయికి బుద్ధి పుట్టింది. డప్పు సంగతి జ్ఞాపకం వచ్చింది. "తోలుకు చెమ్మ పోవాలంటే సెగ చూపించాలి" అనుకుని, సంచి తీసుకుపోయి పెరట్లో వేన్నీళ్ల పొయ్యి పక్కన, నిప్పులకు దగ్గిరగా పెట్టి, హాయిగా నిద్రపోయాడు.

తెల్లవారి చూస్తే ఏమున్నది? సంచి అప్పడంలాగా బిర్రబిగుసుకుపోయింది. పైమూత అంచులు లోపలికి ముడుచుకున్నాయి. రంగు నల్లబారింది. భుజాన వేసుకునే పట్టాను వంచబోతే ఫెళుక్కున బీటలు వారింది. నాన్న ఒక్క మాటా అనలేదు. నాయనమ్మ మాత్రం ఆ పట్టాను చేతిలో పట్టుకుని చాలాసేపు కూచున్నది.

డప్పుకు మేలు చేసిన సెగ సంచికి ఎందుకు కీడు చేసింది? రెండూ తోలే గదా! ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే, మీ ఇంట్లో ఉన్న ప్రతి తోలు వస్తువునూ ఎలా కాపాడుకోవాలో మీకే తెలిసిపోతుంది.

పచ్చి చర్మం, పదును చేసిన తోలు

నిజానికి రెండూ ఒకటి కావు. డప్పుకు బిగించేది పచ్చి చర్మాన్ని ఎండబెట్టినది. సంచికి వాడేది పదును చేసిన తోలు.

జంతువు చర్మమంతా సన్నని నారపోగులతో అల్లుకుని ఉంటుంది. ఈ పోగులు కొల్లాజెన్ అనే మాంసకృత్తు. పచ్చి చర్మాన్ని తడిగా వదిలేస్తే రెండు మూడు రోజుల్లో కుళ్లిపోతుంది. ఎండబెడితే పోగులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి, చర్మం గట్టిపడి, వెలుతురు కూడా కనిపించేటట్టు తయారవుతుంది. అందుకే శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవారు మేక చర్మాన్ని ఇలా పలచగా తయారు చేసి రంగులు వేస్తారు. వెనక దీపం పెడితే రంగులు తెరమీద మెరుస్తాయి. బొమ్మకూ, డప్పుకూ ఆ గట్టిదనమే కావాలి. కాని సంచి వంగాలి, చెప్పు వంగాలి, బెల్టు వంగాలి.

మరి చర్మం కుళ్లకుండానూ ఉండాలి, వంగుతూనూ ఉండాలి అంటే ఎలా? దీనికి మన పెద్దలు వేల ఏళ్ల కిందటనే ఉపాయం కనిపెట్టారు. ఆ ఉపాయం పేరు వగరు!

ఆశ్చర్యపడకండి. ఆవకాయ పెట్టేటప్పుడు కాయను టెంకతో సహా కొడతారు గదా. లోపలి జీడిని తీసి ఎప్పుడైనా కొరికారా? నాలుక పట్టేసినట్టు అవుతుంది. కరక్కాయ చప్పరించినా అంతే. ఆ వగరుకు కారణం టానిన్ అనే పదార్థం. నోట్లో ఊరే లాలాజలంలో కొన్ని మాంసకృత్తులుంటాయి. టానిన్ వాటిని పట్టుకుని ముద్ద చేస్తుంది. నోటిలోని జారుడు పోయి నాలుక గరుకెక్కుతుంది.

లాలాజలంలోని మాంసకృత్తును పట్టుకునే టానిన్, చర్మంలోని మాంసకృత్తును మటుకు వదులుతుందా? చర్మాన్ని వగరు నీళ్లలో నానవేస్తే, టానిన్ ఒక్కొక్క పోగునూ పట్టుకుని కూచుంటుంది. ఇక సూక్ష్మజీవులకు ఆ పోగు తేలికగా అరగదు. పోగులు ఎండినా ఒకదానికొకటి అతుక్కోవు. చర్మం తోలయింది!

మన దేశంలో ఈ పనికి ఎక్కువగా వాడినవి తంగేడు చెక్కా, కరక్కాయా. ఎండిన కరక్కాయ బరువులో సుమారు మూడో వంతు టానినే. మామిడి బెరడులో కూడా టానిన్ ఉన్నది. నీళ్లూ, చెక్కా వేసి చర్మాలు నానవేసే తొట్టిని లంద అంటారు. లందలో చర్మాలు వారాల తరబడి నానాలి. తరవాత వచ్చిన కొత్త పద్ధతి క్రోమియం లవణాలతో పదును చేయటం. అమెరికాలో ఆగస్టస్ షుల్జ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1884లో దీనికి పేటెంటు పొందాడు. ఈ పద్ధతిలో వారాల పని ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. ఈ రోజుల్లో ప్రపంచంలో తయారయే తోలులో ఎక్కువ భాగం ఇలా చేసినదే.

అయితే టానిన్ ఒక్కటే చాలదు. పోగులు ఒకదానిమీద ఒకటి జారుతూ ఉంటేనే తోలు వంగుతుంది. బండి ఇరుసుకు కందెన ఎలాగో, తోలు పోగులకు నూనె అలాగు. అందుకని పదును చేసిన తోలుకు చివర నూనె పట్టిస్తారు. మన వైపు కిర్రు చెప్పులు కుట్టించుకున్నవాళ్లు ఆముదం పట్టించేది ఇందుకే.

ఇప్పుడు అబ్బాయి సంచికి ఏం జరిగిందో మీరే చెప్పగలరు. తడి తోలుకు వేడి పరమ శత్రువు. పచ్చి చర్మం 60, 65 డిగ్రీల సెంటీగ్రేడు వేడి నీళ్లలోనే ముడుచుకుపోతుంది. చెక్కతో పదును చేసిన తోలు మరికొంత ఓర్చుకుంటుంది. 75, 85 డిగ్రీల మధ్య అదీ ముడుచుకుంటుంది. ఒకసారి ముడుచుకున్న పోగు మళ్లీ చాచుకోదు. డప్పును కాసేపే మంటకు చూపించి, తిప్పుతూ ఉంటారు. పైగా అది బిగుసుకోవటమే వాళ్లకు కావలసింది. సంచి మటుకు రాత్రంతా నిప్పుల పక్కన తడిగా ఉడికింది.

చెప్పులు కుట్టే తాత చెప్పినది

అబ్బాయి సంచి పట్టుకుని, బస్సులు ఆగేచోట చెట్టుకింద కూచుని చెప్పులు కుట్టే తాత దగ్గిరికి వెళ్లాడు. తాత సంచిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నిప్పుల దగ్గిర పెట్టావా, బాబూ?" అన్నాడు.

"డప్పును కాస్తారు గదా, తాతా!" అన్నాడు అబ్బాయి.

తాత నవ్వాడు. "డప్పు వేరు, సంచి వేరు. డప్పుకు కావలసింది బిగువు. సంచికి కావలసింది మెత్తదనం. ఇది మంచి తోలు. మీ తాత దీనికి ఆముదం రాయటం నేను చూశాను. తరవాత ఎవరూ రాసినట్టు లేదు. సగం తప్పు నిప్పుది, సగం తప్పు మీ అందరిదీ," అన్నాడు.

తాత గుడ్డను తడిపి, గట్టిగా పిండి, ఆ గుడ్డలో సంచిని చుట్టి మర్నాటిదాకా నీడలో ఉంచాడు. కాస్త మెత్తబడిన తరవాత చేతులతో మెల్లిగా సాగదీస్తూ, వేలితో ఆముదం అద్దుతూ రెండు రోజులు దానితో పాటుపడ్డాడు. సంచి చాలావరకు తిరిగి మెత్తబడింది. పట్టా మటుకు దక్కలేదు. దాన్ని తీసేసి, ఆరెతో రంధ్రాలు పొడిచి, కొత్త పట్టా కుట్టాడు. మూత ఒక మూల ఇప్పటికీ ముడుచుకునే ఉన్నది. అది ఇక పోదు.

సంచి ఇస్తూ తాత నాలుగు మాటలు చెప్పాడు. "తడిస్తే తుడువు. నీడలో ఆరనీ. ఏటికి రెండుసార్లు నూనె చూపించు. పెట్టెలో పెట్టి మరిచిపోకు." పిల్లలూ, ఈ నాలుగు మాటలూ వివరంగా తెలుసుకుందాం.

తడిసినప్పుడు

మొదట పొడిగుడ్డతో అద్దండి, రుద్దవద్దు. సంచిలోనివన్నీ తీసేసి, లోపల అచ్చులేని కాయితాలు గాని, పాత నూలుగుడ్డలు గాని ఉండచుట్టి కూరండి. అవి తడి పీల్చుకుంటాయి, సంచి ఆకారం చెడకుండానూ చూస్తాయి. గాలి ఆడే నీడలో పెట్టండి. ఎండా వద్దు, పొయ్యీ వద్దు. ఒకటి రెండు రోజులు పట్టినా ఓపిక పట్టండి. బురద అంటిన చెప్పులైతే బురద ఆరనిచ్చి, మెత్తని కుంచెతో దులపండి.

కాయితాలు కూరటం కొత్త ఉపాయమేమీ కాదు. ఆర్మీనియా దేశంలో ఒక గుహలో 2008లో ఒక తోలు చెప్పు దొరికింది. దాని వయస్సు సుమారు 5500 సంవత్సరాలని శాస్త్రజ్ఞులు తేల్చారు. తాళ్లు కూడా చెడలేదు! గుహ చల్లగా, పొడిగా ఉండటమూ, పైన గొర్రెల పెంట గట్టిగా కప్పేసి ఉండటమూ దాన్ని కాపాడాయి. ఆ చెప్పు నిండా గడ్డి కూరి ఉన్నది. కాలికి వెచ్చగా ఉండటానికో, చెప్పు ఆకారం చెడకుండా ఉండటానికో!

తడి తోలు మీద ఇనుప తాళంచెవులూ, మేకులూ ఉంచకండి. పూర్వం కరక్కాయ కషాయంలో అన్నభేది వేసి నల్లసిరా తయారు చేసేవారు. టానిన్‌కు ఇనుము తగిలితే నలుపు పుడుతుంది. తడి తోలు మీద ఇనుముంటే అక్కడా అదే సిరా పుట్టి, పోని మచ్చ పడుతుంది. ఇత్తడి బకిలు చుట్టూ పచ్చని చిలుము కనిపిస్తే పొడిగుడ్డతో తుడిచేయండి. తోలులోని కొవ్వు ఇత్తడితో కలిసి ఆ చిలుము కడుతుంది.

తోటల ఊళ్లో ఉండేవారికి ఇంకొక మాట. కాయ కోసినప్పుడు తొడిమ దగ్గిర సొన చిమ్ముతుంది. ఒంటికి తగిలితే పొక్కుతుందని మీకు తెలుసు. చెప్పుమీదా, గడియారం పట్టామీదా పడినా మరక కడుతుంది. ఆరనివ్వకుండా అప్పుడే తుడిచేయాలి. గడియారం పట్టాకు చెమటలోని ఉప్పు కూడా శత్రువే. సాయంత్రం ఒకసారి తుడిచి, రాత్రి విప్పి ఉంచితే చాలాకాలం మన్నుతుంది.

నూనె రాసేటప్పుడు

ముందు మీ వస్తువు ఏ జాతిదో తెలుసుకోవాలి. కనిపించని మూల ఒక నీటి చుక్క వేసి చూడండి. చుక్క మెల్లిగా ఇంకి, అక్కడ రంగు ముదిరితే అది పూత లేని తోలు. దానికి నూనె కావాలి. చుక్క ముత్యంలాగా నిలబడితే దానిమీద రంగుపూత ఉన్నదన్న మాట. అలాటిదానికి నూనె లోపలికి పోదు. పిండిన తడిగుడ్డతో తుడిచి, ఆరిన తరవాత పాలిష్ పెడితే చాలు. మఖమలులాగా నూగు ఉండే తోలుకు నీరూ వద్దు, నూనే వద్దు, కుంచెతో దులపటమే.

రెక్సిన్ తోలు కాదు. అది గుడ్డమీద ప్లాస్టిక్ పూత. అంచు విడిపోయినచోట చూడండి: తోలైతే నారపోగులు కనిపిస్తాయి, రెక్సిన్ అయితే నేత కనిపిస్తుంది. దానికి ఎంత నూనె రాసినా దండగే. ఈ రకం పూతలు కొన్ని నాలుగేళ్లకే పొరలుపొరలుగా రాలిపోతాయి. అది మీ తప్పు కాదు.

తోలు అని తేలితే, ఒక చిన్న గుడ్డ మూలకు నాలుగైదు చుక్కల ఆముదం అంటించి, పలచగా రుద్దండి. రంగు కాస్త ముదురుతుంది గనక ముందు కనిపించని చోట రాసి చూడండి. రాత్రంతా ఉంచి, ఉదయం పొడిగుడ్డతో మిగులును తుడిచేయండి. వానలకు ముందు ఒకసారి, వానలు పోయాక ఒకసారి చాలు. ఎక్కువైతే తోలు వేలాడిపోతుంది, దుమ్ము పట్టుతుంది, బూజుకు విందు అవుతుంది. అవిసె నూనె రాయవద్దు. అది గాలి తగిలి గట్టి పొరలాగా ఎండిపోతుంది.

పెట్టెలో పెట్టేటప్పుడు

వానకాలంలో పెట్టె తెరిస్తే బెల్టుమీద తెల్లగానో, పచ్చగానో నూగు కనిపిస్తుంది. అదే బూజు. దాని విత్తనాలవంటి కణాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. చెమ్మా, కదలని గాలీ, కాస్త మురికీ దొరికితే చాలు, మొలుస్తాయి. దాన్ని ఇంట్లో దులపకండి. కణాలు ఇల్లంతా పాకుతాయి. ముక్కుకు గుడ్డ కట్టుకుని, వస్తువును బయటికి తీసుకుపోయి, పొడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను వెంటనే ఉతకండి. తరవాత వస్తువును ఒక రోజంతా గాలి ఆడే నీడలో ఉంచండి.

తోలును ప్లాస్టిక్ సంచిలో మూటకట్టకండి. చెమ్మ బయటికి పోదు. పాత నూలు పంచె ముక్కలో చుట్టండి. బెల్టును మడవకుండా వేలాడదీయండి. నెలకొకసారి అన్నీ బయటికి తీసి గాలి చూపించండి. అన్నిటికంటె మంచి ఉపాయం వాడుతూ ఉండటమే. రోజూ చేతిలో ఉండే తోలుకు బూజు పట్టదు.

మీరే చేసి చూడండి

చెప్పులు కుట్టేవారిని అడిగి పనికిరాని తోలు ముక్కలు మూడు తెచ్చుకోండి. మూడూ ఒకే తోలువి కావాలి. మూడింటినీ ఒక గంట నీళ్లలో నానవేయండి. ఒకదాన్ని మండుటెండలో పెట్టండి. రెండోదాన్ని నీడలో ఆరబెట్టండి. మూడోదాన్ని నీడలోనే ఆరబెట్టి, కాస్త చెమ్మ ఉండగానే రెండు చుక్కల ఆముదం రాయండి. నాలుగు రోజుల తరవాత మూడింటినీ వంచి చూడండి. ఏది ఎలా వంగినదీ ఒక కాయితం మీద రాసుకోండి.

తోలు వెనక ఉన్న చేతులు

కరెంటు పంపులు రాకముందు మన వైపు పొలాలకూ, తోటలకూ బావినీళ్లు మోటతో తోడేవారు. మోట బానకు తోలు తొండం ఉండేది. ఎద్దుల మెడపట్టీలు తోలువి, చెప్పులు తోలువి. ఇవన్నీ చేసి ఇచ్చినవారిని మాత్రం ఊరు చాలాకాలం దూరంగా ఉంచింది. వాళ్లు కుట్టిన చెప్పులు తొడుక్కున్నది గాని, వాళ్లను ఇంట్లోకి రానివ్వలేదు. 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం, 17వ అధికరణంలో, అంటరానితనాన్ని రద్దు చేసింది. చట్టం మారినంత తొందరగా మనుషులు మారరు. లంద దగ్గిర నిలబడి, దుర్వాసన భరించి, చర్మాన్ని తోలు చేయటం ఎంత రసాయన శాస్త్రమో మీరు ఇప్పుడు చదివారు గదా. ఆ శాస్త్రం వాళ్ల చేతుల్లోనే బతికింది.

ఈ సంగతి బాగా గుర్తించిన శాస్త్రజ్ఞుడు మన తెలుగువాడే: డాక్టర్ యలవర్తి నాయుడమ్మ. ఆయన 1922లో అప్పటి గుంటూరు జిల్లా యలవర్రు గ్రామంలో పుట్టాడు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, తరవాత అమెరికాలో తోలు శాస్త్రంలో పరిశోధన చేశాడు. మద్రాసులో 1948లో కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ ఏర్పడింది. నాయుడమ్మ 1958లో దానికి డైరెక్టరై, 1971 వరకు నడిపించాడు. పరిశోధనశాలలో కనుక్కున్నది తోలు పనిచేసే కుటుంబాలకు అందాలని ఆయన పట్టుదల. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా విమానం అట్లాంటిక్ సముద్రం మీద పేలిపోయినప్పుడు, దానిలో ప్రయాణిస్తున్న ఆయన కూడా మరణించాడు. ఆ సంస్థ చెన్నైలోని అడయారులో ఈనాటికీ పనిచేస్తున్నది.

ఇక మన అబ్బాయి సంగతి. సంచికి పాత ఒళ్లు ఒక రంగు, కొత్త పట్టా ఒక రంగు. నాన్న దాన్నే భుజాన వేసుకుని మార్కెట్టుకు వెళుతున్నాడు. వానలకు ముందూ, వానలు పోయాకా ఆముదం రాసే పని అబ్బాయిది. మొదటిసారి రాసినప్పుడు ఆ వాసనకు నాయనమ్మ వసారాలోకి వచ్చింది.

"మీ తాత రాసినప్పుడూ ఇదే వాసన వచ్చేదిరా," అన్నది.

పిల్లలూ, మీ ఇంట్లో కూడా ఏ బీరువా అడుగునో, ఏ అటకమీదనో ఇలాటి తోలు వస్తువు ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం పెద్దవాళ్లనడిగి దాన్ని బయటికి తీయండి. ముందు నీటి చుక్క వేసి చూడటం మరిచిపోకండి!